కాన్పు అయి 19 రోజులు: బిడ్డ బాగుంది, తల్లి ఎలా ఉందో తెలుసుకునేది ఎలా?

కొత్తనాన్న (చర్చ ప్రారంభించినవారు) · మొదటి రోజు, రాత్రి 11:20

సభ్యులందరికీ నమస్కారం. నా భార్యకు సిజేరియన్ జరిగి ఈ రోజుకు 19 రోజులయింది. ఇది తొలి కాన్పు. పాప ఆరోగ్యంగా ఉంది, పాలు బాగా తాగుతోంది, బరువు పెరుగుతోంది. ఇంటికి వచ్చినవాళ్లూ ఫోన్ చేసినవాళ్లూ పాప గురించే అడుగుతున్నారు, నేనూ పాప గురించే చెబుతున్నాను.

మొన్న రాత్రి రెండు గంటల వేళ నాకు మెలకువ వచ్చింది. పాప నిద్రపోతోంది కాని, నా భార్య మంచం అంచున కూర్చుని ఉంది. ఒక చేయి కుట్ల మీద అదుముకుని, రెండో చేతి వేళ్లు పాప ముక్కు దగ్గర పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుంటోంది. ఎంతసేపటి నుంచి ఇలా కూర్చున్నావని అడిగితే జవాబు చెప్పలేదు, కళ్ల నుంచి నీళ్లు కారిపోయాయి. పగలు అడిగితే ఏమీ లేదంటోంది.

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు పాప టీకాల కార్డు చేతికిచ్చి, తల్లిని ఆరో వారంలో తీసుకురమ్మన్నారు. మధ్యలో ఆమెకు ఏది మామూలో, దేనికి కంగారు పడాలో ఎవరూ చెప్పలేదు, అడగాలని నాకూ తోచలేదు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. ముఖ్యంగా నేను ఏం చేస్తే ఆమెకు మేలు జరుగుతుందో చెప్పండి.

వార్డుసిస్టర్ · మొదటి రోజు, రాత్రి 11:58

బాబూ, నేను ప్రసూతి వార్డులో చాలా ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. ముందు ఒంటి సంగతి చెబుతాను, ఒంట్లో బాధ ఉన్నంతసేపు మనసు కుదుటపడదు కాబట్టి.

కాన్పు అయిన వెంటనే గర్భసంచి దాదాపు కిలో బరువుంటుంది. అది రోజురోజుకూ ముడుచుకుంటూ ఆరు వారాలకు 60 గ్రాముల దరిదాపులకు వస్తుంది. మాయ ఊడివచ్చిన చోట లోపల పెద్ద పుండు మానుతున్నట్టే లెక్క. అది పైకి కనిపించదు కాబట్టి ఇంట్లోవాళ్లకు గుర్తుండదు. ఆ పుండు మానే క్రమంలోనే స్రావం మొదటి మూడు నాలుగు రోజులు ఎర్రగా, తరువాత పదో రోజు దాకా కాస్త గోధుమరంగులో, ఆపైన పసుపు, తెలుపు రంగుల్లో నాలుగు నుంచి ఆరు వారాల వరకు సాగుతుంది. తగ్గుముఖం పట్టిన స్రావం ఒక రోజు మళ్లీ ఎర్రబడితే చాలాసార్లు ఆమె ఆ రోజు శక్తికి మించి తిరిగిందని అర్థం, ముందు పడుకోబెట్టండి. గంటలోపే ప్యాడ్ నిండా తడిసిపోతున్నా, కోడిగుడ్డంత గడ్డలు పడుతున్నా మాత్రం పడుకోబెట్టి చూద్దామనుకోకుండా వెంటనే బయలుదేరాలి. అధిక రక్తస్రావం కాన్పు అయిన రోజే కాదు, ఆ తరువాత వారాల్లోనూ రావచ్చు.

మీరు కళ్లలో వత్తులు వేసుకుని కనిపెట్టవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. 38 డిగ్రీల సెల్సియస్‌కు చేరిన జ్వరం, కుట్ల చుట్టూ ఎర్రదనం, చీము, దుర్వాసనతో కూడిన స్రావం ఇన్‌ఫెక్షన్‌కు గుర్తులు. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెడుతుంటే రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించాలి, సిజేరియన్ అయినవాళ్లకు ఆ ప్రమాదం మరికాస్త ఎక్కువ. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. మందు వేసినా తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి కనిపిస్తే బీపీ చూపించండి. గర్భంతో ఉన్నప్పుడు బీపీ లేనివాళ్లకు కూడా కాన్పు తరువాత ఆరు వారాల లోపు అది ప్రమాదకరంగా పెరగవచ్చు. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే రోజుకొకసారి చూడండి. 140/90 దాటితే డాక్టరుకు ఫోన్ చేయాలి, 160/110 చేరితే నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక ఆరో వారం దాకా ఆగమన్న మాట గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం కాన్పు తరువాత తొలి 24 గంటల్లో తల్లీబిడ్డలను పరీక్షించడమే కాక, 48 నుంచి 72 గంటల మధ్య ఒకసారి, 7 నుంచి 14 రోజుల మధ్య ఒకసారి, ఆరో వారంలో ఒకసారి మళ్లీ చూడాలి. అంటే మీకు మధ్యలో కనీసం ఒక పరీక్ష తప్పిపోయింది. రేపే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ అడగండి, మొహమాటపడకండి.

ఇద్దరుపిల్లలతల్లి · మొదటి రోజు, రాత్రి 12:25

ఒక చిన్న సంగతి. సిజేరియన్ అయినవాళ్లు వెల్లకిలా పడుకుని ఉన్నపళంగా లేవబోతే కుట్లు పిగులుతున్నట్టు ఉంటుంది. ముందు పక్కకు ఒత్తిగిలి, మోకాళ్లు ముడుచుకుని, కాళ్లు మంచం కిందికి దించుతూ మోచేతి మీద బరువు మోపి లేవాలి. దగ్గినా తుమ్మినా ఒక దిండు పొట్టకు అదుముకోవాలి. నాకు మొదటి కాన్పులో ఇది ఎవరూ చెప్పలేదు, లేచిన ప్రతిసారీ కళ్లు బైర్లు కమ్మేవి.

ఇంకొకటి, పాలు పట్టడానికి కూర్చున్నప్పుడు ఆమెకు దాహం వేస్తుంది. నీళ్ల గ్లాసు గదిలో ఉంటే సరిపోదండీ, ఖాళీగా ఉన్న చేతికి అందాలి.

పెద్దమ్మ · రెండో రోజు, ఉదయం 6:10

నాయనా, నేను నలుగురిని కని పెంచాను, ముగ్గురు కూతుళ్ల కాన్పులు చూశాను. కాన్పయిన ఆడది ఏడవడం కొత్త విషయం కాదు. దాన్ని జబ్బని పేరు పెడితే పిల్ల మరింత బెదిరిపోతుంది. ఆమెకు కావలసింది నిద్ర, పక్కన ఒక మనిషి. చూడవచ్చేవాళ్లను కొన్నాళ్లు రావద్దని చెప్పు. వచ్చినవాళ్లు బిడ్డను ఎత్తుకుని కూర్చుంటే తల్లి లేచి వాళ్లకు మర్యాదలు చేస్తోంది, ఇదెక్కడి న్యాయం? బిడ్డను తల్లి దగ్గరే ఉంచి, ఇంటిపని వాళ్లను అందుకోమను. డాక్టర్లు మందులు రాస్తే పాలు చెడిపోతాయి, ఆ దారికి మాత్రం వెళ్లవద్దు.

మబ్బువిడిచింది · రెండో రోజు, ఉదయం 9:45

పెద్దమ్మగారూ, మీ మాటల్లోని ప్రేమ నాకు అర్థమవుతోంది. నిద్ర గురించి, చుట్టాల గురించి మీరు చెప్పినది అక్షరాలా నిజం. చివరి మాట విషయంలో మాత్రం నా అనుభవం చెప్పకుండా ఉండలేను.

నాకు ఏడుపు రాలేదు. అసలు ఏమీ అనిపించేది కాదు. బాబుకు సమయానికి పాలు పట్టేదాన్ని, స్నానం చేయించేదాన్ని, అర్ధరాత్రి వాడు నిద్రపోయాక వాడి బట్టలన్నీ అల్మారాలోంచి తీసి మళ్లీ మడతపెట్టేదాన్ని. అంచులు కలవకపోతే విప్పి మళ్లీ మడిచేదాన్ని. ఇల్లు అద్దంలా ఉండేది కాబట్టి కోడలు ఎంత ఓపికమంతురాలో అని మా అత్తగారు అందరికీ చెప్పుకునేవారు. నేను లేకపోతేనే వీళ్లందరూ బాగుంటారన్న ఆలోచన రోజూ వచ్చేది. అది జబ్బు వల్ల వచ్చిన ఆలోచన అని నాకు తెలియదు, నిజమనే నమ్మాను. నాలుగో నెలలో బాబు టీకాకు వెళ్లినప్పుడు అక్కడి నర్సు సూది వేసి, కార్డు నింపి, తలెత్తి నా వైపు చూసి, నువ్వు నిద్రపోతున్నావా అమ్మా అని అడిగింది. కాన్పయ్యాక నన్ను గురించి నన్ను అడిగిన మొదటి మనిషి ఆమె. ఆ గదిలోనే కూలబడి అన్నీ చెప్పేశాను.

చికిత్స తీసుకున్నాను, మందు వాడుతూనే వాడికి పాలిచ్చాను. కొత్తనాన్నగారూ, ఏమైనా ఉందా అని అడిగితే ఏమీ లేదనే జవాబు వస్తుంది. నిన్న ఎంతసేపు నిద్రపోయావు, పాప పడుకున్నాక నీకు నిద్ర పడుతోందా, దేనికి భయమేస్తోంది అని విడివిడిగా అడగండి. అడిగాక వెంటనే ధైర్యం చెప్పకండి. ఆమె చెప్పేది పూర్తయ్యేదాకా వినండి.

మనోవైద్యం · రెండో రోజు, మధ్యాహ్నం 2:30

నేను మానసిక వైద్యురాలిని. ఇక్కడ రాసినది మీ భార్యకు రోగనిర్ధారణ కాదు, ఆమెను చూసిన డాక్టరు మాత్రమే అది చేయగలరు.

కాన్పు తరువాత వచ్చే మానసిక ఇబ్బందులన్నీ ఒకటి కావు. బిడ్డ పుట్టిన కొద్ది రోజుల్లోనే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరోన్ హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. రెండో మూడో రోజు నుంచి చాలామంది తల్లులకు కారణం లేకుండా ఏడుపు, చిరాకు, ఆందోళన వస్తాయి. పెద్దమ్మగారు చూసినది ఎక్కువగా ఇదే అయి ఉంటుంది. ఆదరణ దొరికితే రెండు వారాల్లోపు అది దానంతటదే తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, లేదా అప్పుడే కొత్తగా మొదలైతే, కుంగుబాటు ఉందేమో చూడాలి. 19వ రోజు అని మీరు రాసినందువల్లనే నేను ఈ జవాబు రాస్తున్నాను. బిడ్డను కన్నవారిలో దాదాపు 13 శాతం మంది మానసిక సమస్యకు, ముఖ్యంగా కుంగుబాటుకు లోనవుతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది మొదటి సంవత్సరంలో ఎప్పుడైనా మొదలుకావచ్చు. థైరాయిడ్ తేడా, రక్తహీనత కూడా ఇలాంటి నీరసాన్నీ దిగులునూ తెచ్చిపెడతాయి కనుక రక్తపరీక్షలు చేయించడం అవసరం.

ఇంట్లో మొదటి అడుగుగా, కాన్పు తరువాతి కుంగుబాటును పసిగట్టే ఎడిన్‌బరో ప్రశ్నావళి ఉపయోగపడుతుంది. 1987లో రూపొందిన ఈ ప్రశ్నావళిలో గడిచిన ఏడు రోజుల గురించి పది ప్రశ్నలుంటాయి, మొత్తం 30 మార్కులు. పది దాటితే డాక్టరుతో మాట్లాడడం మంచిది, 13 గాని అంతకు మించి గాని వస్తే తప్పక చూపించాలి. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించినది. మొత్తం ఎంత తక్కువ వచ్చినా, ఆ ఒక్క ప్రశ్నకు అవునన్న జవాబు వస్తే ఆ రోజే వైద్య సహాయం తీసుకోవాలి, ఆమెను ఒంటరిగా వదలకూడదు. ఆ కాగితాన్ని ఆమె ఒక్కతే నింపనివ్వండి. మీరు పక్కన కూర్చుని ఉంటే మిమ్మల్ని బాధపెట్టని జవాబులే రాస్తుంది.

పాప ఊపిరి పదేపదే చూసుకోవడం ఆందోళనకు గుర్తు కావచ్చు. కొందరు తల్లులకు బిడ్డ చేతిలోంచి జారిపోయినట్టు, బిడ్డకు తమ వల్ల ఏదో హాని జరిగినట్టు భయంకరమైన దృశ్యాలు మెదులుతాయి. అవి వచ్చినందుకు వాళ్లు హడలిపోయి, సిగ్గుతో ఎవరికీ చెప్పరు. అలా హడలిపోయే తల్లి ఆ పని చేయాలనుకుంటున్నదని కాదు, ఆమెకు చికిత్సతో ఉపశమనం దొరుకుతుంది. ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం, బిడ్డ తన బిడ్డ కాదనడం, నిద్ర అవసరమే లేనట్టు ఉద్రేకంగా తిరగడం, పొంతన లేని మాటలు దీనికి పూర్తిగా భిన్నం. వెయ్యిమందిలో ఒకరిద్దరికి, ఎక్కువగా తొలి రెండు వారాల్లో వచ్చే ఈ స్థితి అత్యవసరం. ఆమెనూ బిడ్డనూ ఒంటరిగా ఉంచకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మందుల గురించి పెద్దమ్మగారికి గౌరవపూర్వకంగా ఒక మాట. కుంగుబాటుకు వాడే మందులన్నీ ఒకేలా పాలలోకి చేరవు. ఉదాహరణకు సెర్‌ట్రలైన్ చాలా కొద్ది మోతాదులోనే చేరుతుంది, అందుకే పాలిచ్చే తల్లులకు దాన్ని తరచుగా ఎంచుకుంటాం. తేలికపాటి కుంగుబాటు అయితే చాలామందికి మాటల చికిత్సే సరిపోతుంది.

పెద్దమ్మ · రెండో రోజు, సాయంత్రం 5:40

డాక్టరమ్మా, మబ్బువిడిచింది అమ్మా, మీరు రాసినవి రెండుసార్లు చదివాను. నా రెండో కూతురు కాన్పయ్యాక మూడు నెలలు గోడకేసి తిరిగి పడుకునేది. దానికి బద్ధకమని నేనే కేకలేశాను. ఆ మాట ఇక్కడ రాయాలనిపించింది. నాయనా, మందుల గురించి నేనన్నది పక్కన పెట్టు, నిద్ర గురించి అన్నది మాత్రం వదలకు.

వార్డుసిస్టర్ · రెండో రోజు, రాత్రి 8:15

నిద్ర విషయంలో మీరు చేయగలిగినది చాలా ఉంది బాబూ. బిడ్డ పడుకున్నప్పుడే తల్లీ పడుకోవాలని అందరూ అంటారు గాని, ఆ గంటలో ఉతకవలసిన బట్టలు కళ్లెదుట కనిపిస్తుంటే ఎవరు పడుకోగలరు? ముక్కలు ముక్కలుగా దొరికే ఎనిమిది గంటలకన్నా, రోజుకొకసారి తెగని నాలుగైదు గంటల నిద్ర ఎక్కువ మేలు చేస్తుంది. రాత్రి పది గంటలకు ఆమె పాలు పట్టి పడుకోవాలి. ఆ తరువాత పాపను మీరు వేరే గదిలో చూసుకోండి. మధ్యలో ఒక పూట పిండి ఉంచిన పాలు మీరు పట్టవచ్చు. పాలు పిండడం కుదరకపోతే ఆకలి వేసినప్పుడు మాత్రమే పాపను ఆమె దగ్గరకు తెచ్చి, తాగిన వెంటనే తీసుకువెళ్లి, త్రేన్పు తెప్పించడం, తడి మార్చడం, నిద్రపుచ్చడం మీరే చేయండి. చాలాసేపు పాలు తీయకపోతే రొమ్ములు గట్టిపడి నొప్పి పెట్టవచ్చు. ఒకచోట ఎర్రబడి జ్వరం వస్తే పాలివ్వడం ఆపకుండానే డాక్టరుకు చూపించండి.

వచ్చినవాళ్లందరితో చేతులు కడిగించండి. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు డాక్టర్ల చేత క్లోరిన్ కలిపిన ద్రావణంతో చేతులు కడిగించాడు. అంతకు ముందు ఏడాది తన వార్డులో నూటికి పదిమందికి పైగా తల్లులను బలిగొన్న బాలింత జ్వరం, ఆ తరువాత నూటికి ఇద్దరి దరిదాపులకు దిగివచ్చింది. ఆయన మాట అప్పట్లో చాలామంది ఒప్పుకోలేదు. చేతులు కడుక్కోమంటే నొచ్చుకునే చుట్టాలను చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

కొత్తనాన్న · ఐదో రోజు, రాత్రి 10:05

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మూడో రోజు ఆసుపత్రికి వెళ్లాం. ప్రశ్నావళి ఆమె ఒక్కతే గదిలో కూర్చుని నింపింది, 14 వచ్చింది. పదో ప్రశ్నకు జవాబు ఎప్పుడూ లేదనే. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ బాగా తక్కువగా ఉందని తేలింది, ఐరన్ మాత్రలు రాశారు. మానసిక వైద్యురాలితో వారానికొకసారి మాట్లాడే ఏర్పాటు జరిగింది, రెండు వారాల తరువాత చూసి మందు అవసరమో కాదో నిర్ణయిస్తామన్నారు.

ఇంటికి వచ్చే దారిలో ఆమె తనంతట తానే చెప్పింది. నొప్పులు మొదలయ్యాక పాప గుండె చప్పుడు తగ్గిందని హడావిడిగా ఆపరేషన్ గదికి తీసుకువెళ్లారట. ఆ మిషన్ మీద చప్పుడు ఆగి ఆగి వచ్చిన శబ్దం ఇప్పటికీ రాత్రుళ్లు వినిపిస్తోందట. నేను ఆ సమయంలో బయట వరండాలో ఉన్నాను. చివరికి అంతా బాగానే జరిగిందని పాతికమందికి చెప్పాను గాని, లోపల ఏం జరిగిందని ఆమెను ఒక్కసారీ అడగలేదు.

మనోవైద్యం · ఆరో రోజు, ఉదయం 8:50

ఆ విషయం వైద్యురాలితో కూడా చెప్పమనండి. కాన్పు సమయంలో ప్రాణభయం కలిగినవారికి ఆ దృశ్యాలు, శబ్దాలు వెంటాడడం ఉంది, దానికి ప్రత్యేకమైన చికిత్స ఉంది. బిడ్డ క్షేమంగా ఉంది కదా అని ఆమె నోరు మూయించవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. మీ నిద్ర, మీ మనసు కూడా గమనించుకోండి. తండ్రులకూ ఈ కాలంలో కుంగుబాటు వస్తుంది, వాళ్లను అడిగేవారు మరీ తక్కువ.

కొత్తనాన్న ఖాతా నుంచి · ఇరవై ఆరో రోజు, ఉదయం 11:30

ఈ ఖాతా మా వారిది, ఈ రోజు రాస్తున్నది నేను. మీరందరూ నా గురించి మాట్లాడుకున్నదంతా నిన్న చదివాను. మొదట కొంచెం బిడియపడ్డాను, తరువాత చాలాసేపు ఏడ్చాను. ఈ ఏడుపు వేరు.

పూర్తిగా తేలికపడ్డానని చెప్పలేను. కాని రాత్రి పది నుంచి మూడు దాకా నిద్రపోతున్నాను. మొదటి రెండు రాత్రులు పక్క గదిలో పాప కదిలినా లేచి కూర్చున్నాను, మూడో రాత్రి నిద్ర పట్టేసింది. ఊపిరి చూసుకోవడం మానలేదు గాని, రాత్రికి ఒకటి రెండుసార్లకు తగ్గింది. మందు అవసరం లేదని ప్రస్తుతానికి అన్నారు. మా వారు ఇప్పుడు రోజూ సాయంత్రం ఫోన్ పక్కన పెట్టి, ఈ రోజు నీకు ఏది కష్టంగా గడిచింది అని అడుగుతున్నారు. ఒక్కోరోజు చెప్పడానికి ఏమీ ఉండదు, అయినా అడుగుతారు.

ఒక సందేహం. దగ్గినప్పుడు, నవ్వినప్పుడు మూత్రం కొద్దిగా పడిపోతోంది. నాకు ఆపరేషన్ అయింది కదా, మామూలు కాన్పు అయినవాళ్లకే ఇలా జరుగుతుందనుకున్నాను. డాక్టరును అడగడానికి సిగ్గేసింది.

కండరబలం · ఇరవై ఆరో రోజు, మధ్యాహ్నం 1:15

నేను ఫిజియోథెరపిస్టును. ఇది సిజేరియన్ అయినవాళ్లకూ జరుగుతుందమ్మా, ఎందుకంటే తొమ్మిది నెలలు బరువు మోసినవి ఆ కటి కండరాలే. మూత్రాన్నీ అపానవాయువునూ ఒకేసారి ఆపుకుంటున్నట్టు లోపలికి, పైకి బిగించండి, కొన్ని క్షణాలు పట్టి ఉంచి పూర్తిగా వదలండి. విప్పడం కూడా బిగించడమంత ముఖ్యం. ఎనిమిదిసార్లు చొప్పున రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు చేయాలి. ఊపిరి బిగబట్టకండి, తొడలు బిగించకండి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయమని కొందరు చెబుతారు, అలా చేయవద్దు. పాలు పట్టేటప్పుడే ఒక విడత చేసుకుంటే మరచిపోరు.

పొట్ట తగ్గాలని వెల్లకిలా పడుకుని లేచే వ్యాయామాలు ఇప్పుడే మొదలుపెట్టకండి. గర్భంతో ఉన్నప్పుడు పొట్ట మధ్యలో కండరాలు ఎడమవుతాయి, అవి దగ్గరపడ్డాయో లేదో ముందు చూపించుకోవాలి. ఆరు వారాల దాకా పాపకన్నా బరువైనది ఎత్తవద్దు. నడక మాత్రం ఒంటికి ఓర్చినంత నడవండి. పరుగు వంటివి మూడు నెలలు దాటాకే ఆలోచించాలి.

వార్డుసిస్టర్ · ఇరవై ఆరో రోజు, సాయంత్రం 6:40

తల్లీ, మీ లెక్క ప్రకారం పాపకు ఇప్పుడు ఆరు వారాలు నిండి రెండు మూడు రోజులు దాటాయి. ఆరో వారం పరీక్షకు వెళ్లారా? వెళ్లకపోతే రేపే వెళ్లండి. మూత్రం సంగతి, ఐరన్ మాత్రలతో మలబద్ధకం ఏమైనా ఉంటే అది, కుట్ల దగ్గర తిమ్మిరి, మళ్లీ గర్భం రాకుండా పాలిచ్చే తల్లికి ఏ పద్ధతి సరిపోతుందన్న ప్రశ్న, నాలుగూ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. మూడో నెలలో జుట్టు గుప్పెళ్లుగా ఊడవచ్చు, అది మళ్లీ వస్తుంది, దిగులుపడకండి. గదిలోకి వెళ్లాక సిగ్గేస్తే ఆ కాగితం డాక్టరు చేతికివ్వండి.

కొత్తనాన్న ఖాతా నుంచి · ఇరవై ఆరో రోజు, రాత్రి 9:10

ఇంకా వెళ్లలేదు సిస్టర్. మొన్న పాపకు జలుబు చేసిందని వాయిదా వేశాం. రేపు పదిన్నరకు ఇస్తామన్నారు. కాగితం రాసి సంచిలో పెట్టాను, ఐదో ప్రశ్న కూడా ఒకటి చేరింది.